జగ్గయ్యపేటలో బెల్టుల విలీనం

జగ్గయ్యపేట వెళ్ళివచ్చానని చెప్పగానే మా ప్రెస్సులో అందరూ అడిగింది ఒకటే, మిరపకాయలు తెచ్చావా అని. తేలేదు. నేను వెళ్ళింది అంతకన్నా ఘాటైన పని మీద. ఢిల్లీలో పెద్దలు సంస్థానాలన్నిటినీ కలిపి దేశానికి ఒక రూపు తెస్తున్న రోజులు కదా, ఆ గాలి మన మెట్ట ప్రాంతానికీ సోకింది. సంస్థానాలు ఎలాగూ అయిపోయాయి కాబట్టి అక్కడి పెద్దలు బాక్సింగు ఛాంపియన్లను కలపాలని సంకల్పించారు.

బాక్సింగు చూడనివారి కోసం చెబుతున్నాను. ఇద్దరు మగవాళ్ళు, ఒకరి మీద ఒకరికి ఏ కోపమూ లేకుండా, చేతులకు తోలు తొడుగులు వేసుకుని కొట్టుకుంటారు. గెలిచినవాడి నడుముకు వెడల్పాటి బెల్టు కడతారు. ఆ బెల్టు ఉన్నవాడే ఛాంపియన్. చిక్కల్లా ఎక్కడంటే, బెల్టు చేయించే స్తోమత ఉన్న ప్రతివాడూ ఒక ఛాంపియన్‌ను తయారు చెయ్యగలడు. బెజవాడకు వచ్చిన ఒక కార్నివాల్ వాళ్ళు కోటయ్య అనే ఆయనకు ఆంధ్రా ఛాంపియన్ బెల్టు కట్టారు. సికిందరాబాదులో ఒక సర్కస్ వాళ్ళు దాసు అనే ఆయనకు దక్కను ఛాంపియన్ బెల్టు కట్టారు. ఈ రెండూ చూసి ఊరుకోలేక నందిగామ దగ్గరి భూస్వామి ఒకాయన ఉభయ తాలూకాల ఛాంపియన్ అని మూడో బెల్టు చేయించి ఇంట్లో పెట్టుకున్నాడు. దానికి ఇంకా మనిషి దొరకలేదు.

ఈ మూడింటినీ ఒకటి చేసే పోటీకి నేను రిఫరీని. నా అర్హత ఏమిటంటే, యుద్ధం రోజుల్లో బెంగుళూరు మిలిటరీ స్టోర్సులో గుమాస్తాగా ఉంటూ సాయంత్రాలు సోల్జర్లు కొట్టుకుంటుంటే చూశాను. మన జిల్లాలో అంతకు మించి తెలిసినవాడు దొరకలేదట.

కంచికచర్ల

బెజవాడలో బొగ్గుబస్సు ఎక్కాం, నేనూ కోటయ్యా. కోటయ్య కాలవ రేవులో పడవల్లోంచి బస్తాలు దించే మనిషి. ముప్పై దాటాయి. మాట తక్కువ. కార్నివాల్ వాళ్ళ బాక్సరును పడగొడితే బహుమతి ఇస్తామంటే వెళ్ళి పడగొట్టాడు. వాళ్ళు బహుమతి ఎగ్గొట్టి, బదులుగా బెల్టు కట్టి, ఉన్నన్నాళ్ళూ అతని చేత రోజూ ఆట ఆడించి వెళ్ళిపోయారు. ఈ పోటీలో గెలిచినవాణ్ణి మద్రాసు తీసుకెళ్ళి నెలజీతం మీద పోటీలు ఆడిస్తామని పోటీ పెట్టిస్తున్న జగ్గయ్యపేట సెట్టిగారు కబురు పెట్టారు. దానికే కోటయ్య బయల్దేరాడు. “భుజం కాయ కాసిపోయిందండి మేష్టారూ. ఇంకో నాలుగేళ్ళు మోస్తే చెయ్యి పైకి లేవదు,” అన్నాడు. ప్రెస్సులో పనిచేసే వాళ్ళందరూ అతని లెక్కలో మేష్టర్లే.

బస్సు కంచికచర్లలో ఆగింది. ఆగింది అనడం మర్యాద కోసం. వెనక, బస్సును నడిపే బొగ్గుల పొయ్యి చల్లారిపోయింది. కండక్టరు దిగి గాలికొట్టే చక్రం తిప్పుతూ పొయ్యి రాజేస్తుంటే మేము కాఫీ హోటల్లో కూచున్నాం. కాఫీ అణా. మా తెనాలిలో అదే అణాకి కాఫీలో పాలు కూడా పోస్తారు.

పక్క బల్ల మీద పొగాకు రైతు ఒకాయన కోటయ్య ఒళ్ళోని తువ్వాలు మూట వంక చాలాసేపు చూశాడు.

“ఏంటండీ అది?”

కోటయ్య విప్పి చూపించాడు. ఆయన పలకల మీద వేలితో కొట్టి చూసి, “ఇది కడితే నడుం నొప్పి తగ్గుద్దా?” అని అడిగాడు.

“లేదండి. ముష్టియుద్ధంలో గెలిచినవాళ్ళకి ఇస్తారు,” అని నేను వివరించాను.

“ముష్టికి యుద్ధం ఎందుకండీ? అడిగితే పెడతాంగా,” అన్నాడాయన, నిజంగానే నొచ్చుకుని. దారి ఖర్చులకు ఉంచుకోమని కోటయ్య చేతిలో అర్ధణా పెట్టబోయాడు. ఆంధ్రా ఛాంపియన్ సిగ్గుపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ అర్ధణా అయినా తీసుకుంటే పోయేది. ఈ ప్రయాణం మొత్తానికి అతనికి దక్కేది అంతే అయి ఉండేది.

నందిగామ

ఆ రాత్రి బస నందిగామ పక్కన భూస్వామి చౌదరిగారి లోగిట్లో. ఆయన జీవితంలో ఎవరినీ ఒక దెబ్బ కొట్టలేదు, ఎవరిచేతా తినలేదు. బాక్సింగు మీద ఆయనకు అంత నిశ్చితమైన అభిప్రాయాలు ఉండడానికి కారణం అదేనని నాకనిపించింది.

భోజనం సంగతి చెప్పకపోతే పాపం తగులుతుంది. మాది వరి దేశం, మూడు పూటలా అన్నమే. ఇక్కడ ముందు వేడి జొన్నరొట్టె, దాని మీద వెన్నముద్ద, పక్కన గోంగూర పండుమిరప పచ్చడి. ఒక ముద్ద తినగానే నా చెవుల్లో ఏదో మోగింది. “కారం తక్కువైందా?” అని వడ్డించేవాళ్ళు అడిగారు. వెటకారం కాదు. వాళ్ళకు నిజంగా అనుమానమే.

భోజనాలయ్యాక చౌదరిగారు బెల్టు తెప్పించారు. తోలు మీద వెండి పలకలు, మధ్యలో సూర్యుడు, సూర్యుడి మధ్యలో చౌదరిగారి పొడి అక్షరాలు.

“నా షరతు ఒకటేనండి,” అన్నారాయన. “గెలిచినోడికి ముందు నా బెల్టు కట్టాలి. ఒంటికి ఆనుకుని నాదుండాలి. మిగతావి పైన ఎన్నయినా కట్టుకోండి.”

“ముందు కట్టింది లోపలికి పోయి కనపడదు కదండీ,” అన్నాను.

ఆయన ఈ కోణం ఆలోచించినట్టు లేదు. బెల్టును ఒకసారి తిరగేసి చూసి, “అయితే చివర కట్టండి. కానీ ముందు కట్టినట్టు చెప్పండి,” అన్నారు.

తలుపు వెనకనుంచి వాళ్ళావిడ గొంతు వినిపించింది. “నా కడియాలు కరిగించి చేశారండీ అది. మా అమ్మ పెట్టినయ్యి. ఎవడి నడుముకో కడతారంట. కాళ్ళకి పెట్టుకునేదాన్ని నాకే లేకుండా పోయినై.”

చౌదరిగారు దగ్గి, ఈ యేడు మినుము పంట ఎలా ఉందో చెప్పడం మొదలుపెట్టారు. కోటయ్య మాత్రం ఆ బెల్టు చేత్తో తాకలేదు. పడుకునేముందు నాతో, “ఆయమ్మవి కట్టుకోవాలంటే ఎట్టాగో ఉందండి,” అన్నాడు.

జగ్గయ్యపేట

మర్నాడు చౌదరిగారినీ ఆయన బెల్టునూ వెంటబెట్టుకుని, చిల్లకల్లు దాటి జగ్గయ్యపేటలో దిగాం. దిగగానే తుమ్మాను. ఊరికి వచ్చిన ప్రతివాడూ తుమ్ముతాడట, దాన్నిబట్టే కొత్తవాళ్ళను గుర్తుపడతారట. ఏ వీధి చూసినా మిరప బస్తాలు, ఏ కళ్ళు చూసినా ఎర్రగా ఉన్నాయి. నేను ఒక బస్తాకి చెయ్యి ఆనించి, అదే చేత్తో కళ్ళు తుడుచుకున్నాను. ఆ పూటంతా ప్రపంచం నాకు నీళ్ళలోంచి కనిపించింది. జగ్గయ్యపేటను వర్ణించమని ఎవరైనా అడిగితే, సగం ఊరే చూశానని నిజం చెప్పేస్తాను.

పోటీ పెట్టిస్తున్న సెట్టిగారిది మిరపకాయల హోల్‌సేల్. ఒక టూరింగ్ టాకీసు డేరా కూడా ఉంది. చాలా మర్యాదస్తులు. మద్రాసులో ఆయన బావమరిది ఈ పోటీలు నడుపుతాడు. బాక్సర్ల బరువు చూడాలని నేను అంటే, ఇద్దర్నీ బస్తాలు తూచే కాటా మీద నిలబెట్టారు. గుమాస్తా అలవాటు కొద్దీ కోటయ్య బరువులోంచి గోనెసంచి బరువు తీసేశాడు.

తర్వాత సెట్టిగారు బెల్టులను కంసాలికి చూపించారు. ఆయన చౌదరిగారి బెల్టు గీటురాయి మీద గీసి వెండేనని తలాడించాడు. కోటయ్య బెల్టు, దాసు బెల్టు తిరగేసి, మరగేసి, పలకలన్నీ ఇత్తడేనని తేల్చి, వాళ్ళ మొహాలు చూసి జాలిపడి, “తోలు మాత్రం మంచిదండి,” అన్నాడు.

అప్పుడు సెట్టిగారు తన బెల్టు బయటికి తీశారు. నాలుగోది. ఎర్ర మఖమలు, గిల్టు పలకలు.

“మూడూ గెలిచినవాడికి నాలుగోది ఎందుకండీ?” అని అడిగాను.

“మూడూ ఒకటయినాయని తెలియాలి కదండీ,” అన్నారు సెట్టిగారు.



ఇక దాసు సంగతి. అతనిది నిజాం వైపు పల్లె. సికిందరాబాదు కంటోన్మెంటులో పనిచేస్తూ దెబ్బలు తినడం, ఆ తర్వాత కొట్టడం నేర్చాడు. ఆ వైపు గొడవల రోజుల్లో భార్యతో ఇటు వచ్చి, గొడవలు సద్దుమణిగినా వెళ్ళకుండా జగ్గయ్యపేటలోనే సైకిలు షాపు పెట్టుకున్నాడు. కోటయ్యకంటే పొడుగు, నవ్వుముఖం. రేపు కొట్టుకోబోయే ఇద్దరూ చేతులకు గుడ్డ ఎలా చుట్టుకోవాలి, బొటనవేలు ఎక్కడ ఉంచాలి అని వియ్యంకుల్లా మాట్లాడుకున్నారు.

“నీ బెల్టుకి సర్కస్ వాళ్ళు డబ్బులిచ్చారా?” అని కోటయ్య అడిగాడు.

“ఏడియన్న? బెల్టు పాలిష్ ఖర్చు నా జీతంల పట్టిన్రు,” అన్నాడు దాసు.

ముగ్గురం హోటల్లో భోంచేశాం. దాసు నీళ్ళ గ్లాసు కోసం చెయ్యి చాపి, గ్లాసుకు జానెడు ఇవతల గాలిని పట్టుకున్నాడు. రెండోసారి పట్టుకుని తాగాడు. ఎడమ కన్ను ఎర్రగా, కాస్త మసకగా ఉంది.

“కన్నుకేమైంది దాసూ?”

“కారం బడ్డది సారూ. ఈ ఊర్ల అందరికీ గంతే గద.”

ఆ ఊళ్ళో ఆ మాట నమ్మకపోవడం కష్టం. అప్పటికి నా కళ్ళలోంచే ఇంకా నీళ్ళు కారుతున్నాయి.

డేరాలో

మూడోరోజు మధ్యాహ్నం డేరా కిక్కిరిసింది. పెనుగంచిప్రోలు నుంచి బళ్ళు కట్టుకుని వచ్చారు. నేల, బెంచి, కుర్చీ అని టాకీసు టిక్కెట్లే అమ్మారు. సినిమా లేదా అని అలిగి వెళ్ళిపోయినవాళ్ళూ ఉన్నారు. తాటిమొద్దులు నాలుగు పాతి కొబ్బరితాళ్ళు కట్టారు. నాలుగు మూలలున్నదాన్ని రింగు అని ఎందుకంటారని ఒక ముసలాయన నన్ను నిలదీశాడు. గంటకు బదులు రైలుపట్టా ముక్క వేలాడదీశారు. చౌదరిగారు ఒక పక్క కుర్చీలో, సెట్టిగారు ఇంకో పక్క, మధ్యలో బల్ల మీద నాలుగు బెల్టులు, పెళ్ళిలో సారె పెట్టినట్టు.

మొదటి రౌండు ఇద్దరూ బాగా ఆడారు. దాసు చేతులు పొడుగు. కోటయ్యను దగ్గరికి రానిస్తేగా. రెండో రౌండులో కోటయ్య పక్కకు జరిగి దాసుకు ఎడమవైపు వచ్చాడు. అంతే, ఆట మారిపోయింది. కోటయ్య కుడిచెయ్యి ఎత్తిన ప్రతిసారీ దెబ్బ తగిలింది. దాసు ఒకసారి కూడా కాచుకోలేదు. దెబ్బ తగిలాక అటు తలంతా తిప్పి వెతుక్కుంటున్నాడు. కనుబొమ మీద చిట్లి నెత్తురు వచ్చింది. జనం లేచి నిలబడి, “ఇంకోటి వెయ్యి, అక్కడే వెయ్యి,” అని కోటయ్యకు సలహా ఇచ్చారు. మనుషులు ఇంత ఉదారంగా ఇచ్చేది సలహానే.

మూడో రౌండు మొదలైంది. కోటయ్య మళ్ళీ అటువైపే జరిగాడు. కుడిచెయ్యి మెల్లగా, ఎవరో నిద్రపోతున్నవాణ్ణి లేపబోతున్నట్టు, దాసు చెవి పక్కకు తీసుకెళ్ళి ఆపాడు. దాసు కదల్లేదు. ఆ చెయ్యి అక్కడ ఉందని అతనికి తెలియదు. కోటయ్య చెయ్యి దించాడు. రెండో చెయ్యి కూడా దించి నిలబడ్డాడు.

డేరా అంతా కేకలు. నేను ఇద్దరి మధ్యకూ వెళ్ళాను.

“ఏమైంది?”

“ఆయనకి ఎడం కన్ను లేదండి,” అన్నాడు కోటయ్య, నాకు మాత్రమే వినబడేట్టు. “ఇంకో రెండు తగిల్తే రెండోదీ పోద్ది.”

దాసు విన్నాడు. “గంట గొట్టియ్యి సారూ. నేను మంచిగనే ఉన్న,” అన్నాడు.

రిఫరీకి ఇలాంటప్పుడు ఒక దారి ఉంది. కోటయ్య చెవిలో చెప్పాను. “అతనికి కన్ను కనపడదని ప్రకటించి పోటీ ఆపేస్తాను. నువ్వు గెలిచినట్టు. మద్రాసు వెళ్ళొచ్చు.”

కోటయ్య నేల చూశాడు. మద్రాసు అంటే అతనికేమిటో నాకు తెలుసు. ఎడమ తొడుగుతో కుడిభుజం రుద్దుకున్నాడు.

“అట్టా చెప్తే డేరా అంతా వింటదండి. గుడ్డోడి షాపుకి సైకిలు ఎవడు తెస్తాడు?” అన్నాడు. “నేను కొట్టనన్నానని చెప్పండి.”

“అలా చెబితే నువ్వు ఓడిపోయినట్టు. బెల్టు కూడా పోతుంది.”

“పోనీండి.”

నేను దాసు చెయ్యి పట్టుకుని పైకెత్తాను. ఆ విధంగా, నాలుగు బెల్టులకూ, రెండు తాలూకాలకూ, ఆంధ్రాకూ, దక్కనుకూ ఏకైక ఛాంపియన్‌గా, ఆ డేరాలో అందరికంటే తక్కువ చూపున్న మనిషిని ప్రకటించాను. తర్వాత బెల్టులు కట్టడం మొదలైంది. ఏది ముందు అని చౌదరిగారూ సెట్టిగారూ వాదించుకున్నారు. ఛాతీ దాకా బెల్టులు చుట్టి దాసును నిలబెట్టారు. కనుబొమ మీద నెత్తురు కన్నులోకి కారుతోంది. తుడుచుకుందామంటే చేతులు కూడా బెల్టుల కింద ఇరుక్కుపోయాయి. ఎవరూ తుడవలేదు. చివరికి కోటయ్య తాళ్ళు దాటి వచ్చి తన తువ్వాలుతో తుడిచాడు. ఓడినవాడు వేదిక మీదికి రాకూడదని సెట్టిగారి గుమాస్తా మందలించాడు.

డేరా వెనక దాసు కోటయ్య చొక్కా పట్టుకున్నాడు.

“జాలి పడ్డవా నా మీద?”

“జాలి కాదు,” అన్నాడు కోటయ్య. “రేవులో కిందోడు పైకి చూడకుండా పైనుంచి బస్తా వదలం. అంతే.”

దాసు చొక్కా వదల్లేదు.

“మద్రాసులో వాళ్ళు చూసుకుని వదల్రు,” అన్నాడు కోటయ్య. “బెజవాడలో కంటి డాక్టరున్నాడు. రేపు పొద్దున్న బస్సుకి రా.”

కాసేపటికి అతని భార్య వచ్చి ఆ చొక్కా మీంచి అతని చేతిని మెల్లగా విడిపించింది.

తిరుగు దారి

ముందు బెల్టుల సంగతి చెప్పి తర్వాత మనుషుల దగ్గరకు వస్తాను, మెట్టలో మర్యాద అదే కాబట్టి.

చౌదరిగారు తన బెల్టు ఛాంపియన్ దగ్గర ఉంటే భద్రం కాదని ఆ సాయంత్రమే పట్టుకెళ్ళారు. సెట్టిగారు మఖమలు బెల్టును ఇనప్పెట్టెలో పెట్టి, చూడాలనిపించినప్పుడు వచ్చి చూసుకోమని దాసుకు అనుమతి ఇచ్చారు. దాసు మద్రాసు రానని చెప్పేసరికి ఛాంపియన్ స్థానం ఖాళీ అయింది. ఖాళీ స్థానం ఎక్కువకాలం ఖాళీగా ఉండదు. చౌదరిగారు నందిగామ తరఫున ఒక కుర్రవస్తాదును తయారు చేయిస్తున్నారు. సెట్టిగారు ఇంకొకర్ని వెతికించారు. కంచికచర్లలో పొగాకు వ్యాపారులు కలిసి తామూ బెల్టు చేయిస్తున్నారని విన్నాను. ఒక్కరుగా కలపడానికి ముందు ఇద్దరుండేవారు. కలిపాక ముగ్గురు కాబోతున్నారు. మళ్ళీ కలపడానికి నన్నే పిలుస్తామన్నారు. బెంగుళూరులో నేను చూసింది చాలా తక్కువని ఈసారి నిజం చెప్పి తప్పుకున్నాను.

ఇదంతా రాయడానికి దాసు ఒప్పుకున్నాడు. ఇప్పుడు ఊరందరికీ తెలుసు. తానే చెప్పుకున్నాడు. సైకిలు బాగుచెయ్యడానికి ఒక కన్ను చాలునని కూడా ఊరికి తెలిసింది.

మర్నాడు పొద్దున్న బస్సు దగ్గరికి దాసు వస్తాడో రాడో అని కోటయ్య పదిసార్లు వెనక్కి చూశాడు. బస్సు కదలబోతుంటే వచ్చాడు, కన్నుకు గుడ్డ కట్టుకుని, భార్య ఇచ్చిన రొట్టెల మూటతో. కోటయ్య పక్కన కూచున్నాడు. నందిగామ దాటాక దాసు మూట విప్పి ఒక రొట్టె కోటయ్యకు ఇచ్చాడు, ఒకటి నాకు.

బెజవాడలో డాక్టరు చాలాసేపు చూశాడు. ఎడమ కన్ను ఇక రాదన్నాడు. కుడి కన్ను బాగానే ఉందని, తలకు మళ్ళీ దెబ్బ తగలనివ్వకపోతే ఎప్పటికీ బాగానే ఉంటుందని అన్నాడు. కనుబొమకు కుట్లు వెయ్యాలి, రెండు రోజులు ఆస్పత్రిలో ఉండాలి, పక్కన సొంతమనిషి ఒకరుండాలి అన్నాడు.

దాసును లోపలికి తీసుకెళ్ళారు. కోటయ్య వెంట వెళ్ళబోతే నర్సమ్మ గుమ్మంలో ఆపింది. రేవులో పనికి వెళ్ళాల్సిన వేళ అప్పటికే దాటిపోయింది. అయినా అతను కదల్లేదు.

“చుట్టాలకి తప్ప లోపలికి లేదయ్యా. ఆయన నీకేమవుతాడు?”

కోటయ్య అబద్ధం చెప్పడం నేను చూడలేదు. అప్పుడూ చెప్పలేదు. తల గోక్కుని, చాలాసేపు ఆలోచించి, “మేమిద్దరం నిన్న కొట్టుకున్నామమ్మా,” అన్నాడు.

నర్సమ్మ అతని వాచిన చేతులు చూసింది. లోపల మంచం మీద కూచుని గుమ్మం వైపు తల తిప్పి వెతుక్కుంటున్న దాసును చూసింది.

“అయితే చుట్టాలే,” అని పక్కకు జరిగింది.